పంతొమ్మిదో వార్డు మౌనం

ఏటిమొగలూరు పురపాలక సంఘం మేడమీద ఒక గదిలో బీరువా అంత యంత్రం ఒకటి కూర్చుని ఉంటుంది. ఊరంతా ఉక్కపోతతో అల్లాడుతున్నా దానికి మాత్రం చల్లగాలి ఆగకూడదు. కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదు. కాగితాల్లో దాని పేరు జ్వాలాసూచి. జనం మాత్రం నిప్పు పంచాంగం అంటారు. ఏ పేటకు ఏ నెలలో అగ్నిగండం ఉందో ముందే చెబుతుంది కనక ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

ఫైరింజన్లను ఎక్కడ నిలపాలో తేల్చే అధికారం పురపాలక సంఘాల చేతికి వచ్చిన కాలం అది. ఊరికి ఐదు బండ్లు, ముప్పై రెండు వార్డులు. ప్రతి నెలా యంత్రం ఒక ప్రణాళిక రాసిస్తుంది. దాన్ని కౌన్సిలు క్షుణ్ణంగా పరిశీలించి ఆమోదించాలని చట్టం. చైర్మన్ పరంధామయ్యగారి పరిశీలన అరనిమిషంలో అయిపోయేది. "ఎజెండా చదివినట్టుగా భావించి ఆమోదించడమైనది" అనేవారు. సభ్యులు బల్లలు చరిచేవారు. ఆ వెనకే గారెలూ టీలూ వచ్చేవి.

ఆ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ షాహీనా మార్చి నెలలో ఒక మధ్యాహ్నం గోనెల పేటకు వచ్చింది. పంతొమ్మిదో వార్డు అంటే ఆ పేటే. మిల్లుల నుంచి వచ్చే చిరుగుల సంచులకు మాట్లు వేయడం అక్కడ ఇంటింటి పని. మనుషులు పడుకునే చోటుకంటే సంచులు పేర్చిన చోటే ఎక్కువ. వార్డు సభ్యురాలు మార్తమ్మ కూడా వాకిట్లో కూర్చుని, ఒళ్ళో గోనె పరుచుకుని, దబ్బనంలో పురికొస ఎక్కించుకుంటోంది. యాభై దాటిన మనిషి. రెండు నెలల్లో పదేళ్ళు మీద పడ్డట్టుంది.

"మార్తమ్మగారంటే మీరేనాండీ?"

"నేనేనమ్మా. ఏ పేపరు మీది?" అంది మార్తమ్మ తలెత్తకుండా.

"పేపరు కాదండీ. ఆ మేడమీద మిషను నేనే చేశాను."

దబ్బనం ఆగిపోయింది. జనవరి తొమ్మిదో తారీకున పక్కవీధిలో సుందరమ్మ ముసల్దాని ఇల్లు అంటుకుంది. వారం ముందు దాకా పేట మొదట్లోనే షెడ్డులో ఉన్న ఫైరింజను అప్పటికి లేదు. మార్కెట్టు సెంటరుకు మార్చేశారు. అక్కణ్ణుంచి అది సందులన్నీ దాటి వచ్చేసరికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఆలోగా మార్తమ్మ భర్త పౌలయ్య లోపలికి దూరి, ముసల్దాన్ని వెనక కిటికీలోంచి బయటికి తోశాడు. తను రాలేకపోయాడు. సంచుల దొంతర మీద పడింది.

"రండి, కూర్చోండి" అంది మార్తమ్మ. తిడుతుందనుకుని వచ్చిన షాహీనాకు ఆ మాట తిట్టుకంటే బరువుగా తోచింది.

కూర్చున్నాక నెమ్మదిగా అసలు సంగతి అడిగింది. "డిసెంబరు దాకా మూడేళ్ళలో ముప్పై ఆరు మీటింగులైనాయండీ. అన్నిటికీ మీ వేలిముద్ర పడింది. మీ వార్డు గురించి ఒక్కసారైనా నోరు విప్పలేదు. ఎందుకనండీ?"

మార్తమ్మ విచిత్రంగా చూసింది. "అదేంటమ్మా, మా ఆయన మాట్లాడేవోడు కదా! కప్పు లేచిపోయేట్టు అరిచేవోడు."

"ఎక్కడ?"

"అక్కడే. నా కుర్చీలో కూర్చుని."

షాహీనాకు తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. ఆమె యంత్రానికి ఊరంతటా స్తంభాల మీద ముక్కులున్నాయి. కాలుతున్న తీగనూ కారుతున్న గ్యాసునూ అవి పసిగడతాయి. అయితే ఏ సందుకు ఎవరు అడ్డంగా గోడ కట్టారో, ఏ బావి పూడిపోయిందో ముక్కులకు తెలియదు. అది ఆ వార్డు మనిషికే తెలుస్తుంది. అందుకని లెక్కలో మూడోవంతు బరువు సభ్యుల మాటకిచ్చింది. ప్రతి కుర్చీ ముందూ ఒక మైకు, ప్రతి సభ్యుడి గొంతూ యంత్రానికి గుర్తు. హాజరై కూడా అభ్యంతరం చెప్పని సభ్యుడి వార్డు క్షేమంగా ఉన్నట్టే. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు ఊరుకున్నారు గానీ, యంత్రం దాన్ని పూర్తి అంగీకారంగా రాసుకుంది. సభ్యులవి కాని గొంతులన్నీ దగ్గులతో, టీగ్లాసుల మోతతో కలిపి చప్పుళ్ళ పెట్టెలో పడేసింది. ప్రయోగశాలలో పన్నెండుమంది విద్యార్థులను సభ్యులుగా కూర్చోబెట్టి ఏడాదిపాటు పరీక్షించింది. ఒక్క పొరపాటూ రాలేదు. ఆ పన్నెండుమందిలో ఎవరికీ భర్తలు లేరు.

ఏటిమొగలూరు కౌన్సిల్లో మహిళలకు కేటాయించిన సీట్లు పదకొండు. ఆ పదకొండుమందీ వేలిముద్ర వేసి పక్కగదిలోకి వెళ్ళి కూర్చునేవారు. సభలో వాళ్ళ కుర్చీల్లో భర్తలు కూర్చునేవారు. ఇది తప్పని ఎవరికీ అనిపించలేదు. సంచి ఒకరు పట్టుకుంటే కూరగాయలు ఇంకొకరు బేరం చేసినట్టే అనుకున్నారు. యంత్రం లెక్క సంగతి షాహీనా విడమరిచి చెప్పింది.

"అందుకేనమ్మా" అంది మార్తమ్మ, కుట్టే సంచిని పక్కకు నెట్టి, "ప్రతి నెలా మీ మిషను మా బండి తీసెయ్యమనే రాసేది. ఈయన ఎగిరి గంతేసేవోడు. ఆ గోల పడలేక చైర్మన్‌గారు వచ్చే నెల చూద్దాంలే అని ఆపేవారు. మా మీద దీనికేం పగ అనుకునేవాళ్ళం."

"పగ కాదండీ. మీ గొంతు దానికి వినపడలేదు."

వచ్చే శుక్రవారం వేసవి ప్రణాళిక పాసవుతుంది. నెలనెలా రాసేదాని లాగా కాక, అది నాలుగు నెలలూ మారదు. గోనెల పేట వేసవంతా బండి లేకుండా గడపాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. షాహీనా దారి ఒకటి ఉందని చెప్పింది. చప్పుళ్ళ పెట్టెలో పౌలయ్య మాటలన్నీ భద్రంగానే ఉన్నాయి. సభ్యురాలు స్వయంగా విని, ఒక్కొక్కటీ "ఇది నా మాటే" అని ఒప్పుకుంటే, చట్టప్రకారం అవి ఆమె ఖాతాలో చేరతాయి. యంత్రం మళ్ళీ లెక్క కడుతుంది.

"మాటలంటే... ఆయన గొంతా?" అంది మార్తమ్మ.

"అవునండీ."

మార్తమ్మ లేచి లోపలికెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు. వచ్చేటప్పటికి ముఖం కడుక్కుని ఉంది. "రేపొస్తానమ్మా" అంది.

మేడమీద చల్లటి గదిలో ఆమె కొంగు కప్పుకుని కూర్చుంది. షాహీనా ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. ముందు కుర్చీ కిరకిర, ఎవరిదో దగ్గు. ఆ తర్వాత పౌలయ్య.

"అధ్యక్షా! మా ఇంటిది ఏమంటదంటే, చర్చి సందులో కరెంటు తీగ సంచుల మీదికి వేలాడతా ఉంది, గాలొస్తే రవ్వలు రాలతన్నాయి..."

మార్తమ్మ ఉలిక్కిపడి షాహీనా వైపు చూసింది. అది తన మాట. తను అన్నది అన్నట్టే ఉంది. సంచి కుడుతూ, అన్నం వారుస్తూ ఏవేవో చెబుతుంటే ఆయన గడప మీద కూర్చుని ఊఁ, ఊఁ అనేవాడు. సగం నిద్రలో ఉన్నాడనుకునేది. గోడకు చెప్పినా ఒకటే, ఈయనకు చెప్పినా ఒకటే అని విసుక్కునేది కూడా. పక్కగదిలోకి అరుపులే తప్ప మాటలు తెలిసేవి కావు. సభలో ఆయన తన తెలివితో పోట్లాడుతున్నాడనే ఇన్నాళ్ళూ అనుకుంది.

రెండోది వింది, మూడోది వింది. "మా ఇంటిది చెప్పింది, వడ్డీల బావి పూడిపోయింది, బండి వచ్చినా నీళ్ళెక్కడ పట్టుకుంటారు?" "మా ఇంటిది అడగమంది, మూల మీద ఆ కొత్త గోడ ఎవరు కట్టారు, బండి ఎట్టా తిరుగుద్ది?" ఎవరో వెనకనుంచి నవ్వి, "ఏమయ్యా, నీకు సొంత మాట లేదా?" అంటే, "ఆవిడే కదండీ మెంబరు" అన్నాడు పౌలయ్య తొణక్కుండా.

"నా మాటే" అంది మార్తమ్మ. షాహీనా మీట నొక్కింది.

మూడు మధ్యాహ్నాలు అలా గడిచాయి. ఇంటికి వెళితే ఆ గొంతు ఉండేది కాదు. సంచులు కుట్టడానికి కూర్చుంటే గడప ఖాళీగా కనిపించేది. మరిది జకరయ్య వచ్చి, "వదినా, ఇకనుంచి మీటింగుల్లో నేను మాట్లాడతాలే, నువ్వు బెంగపెట్టుకోకు" అని ధైర్యం చెప్పాడు. ఆమె సంచి కుట్టుకుంటూనే ఉంది. మర్నాడు పన్నెండు గంటలు ఎప్పుడవుతాయా అని మాత్రం చూసింది. చచ్చిపోయిన మనిషి మాట్లాడే చోటు ఊళ్ళో అదొక్కటే మిగిలింది. ఒక్కో ముక్క అయిపోతుంటే దుఃఖం ముంచుకొచ్చేది. ముప్పై ఆరు మీటింగులు ఇంత తక్కువా అనిపించేది.

ముప్పై ఐదు అయ్యాక షాహీనా చెయ్యి మీట మీదే ఆగింది.

"చివరిది డిసెంబరు మీటింగుదండీ. వినకపోయినా పరవాలేదు. నాది కాదనేయండి, సరిపోతుంది."

"ఎందుకు కాదంటానమ్మా? పెట్టు."

కుర్చీ కిరకిరలాడింది. చైర్మన్ గొంతు: "పంతొమ్మిదో వార్డు బండిని మార్కెట్టు సెంటరుకు మార్చడం. ఏం పౌలయ్యా, ఈ నెల ఏమంటుంది మీ ఇంటిది?" చుట్టూ నవ్వులు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఆయన గొంతు, ఎప్పుడూ లేనంత చిన్నగా: "ఈసారి... ఏం చెప్పలేదండీ."

"అయితే అభ్యంతరం లేనట్టేగా?"

"లేనట్టేనండీ."

బల్లలు చరిచిన చప్పుడు.

మార్తమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నవంబరు మీటింగు అయ్యాక ఆఫీసు ఎదుట టీకొట్టు దగ్గర ఎవరో పౌలయ్యను మునగచెట్టెక్కించారు. "ఏటిమొగలూరులో అసలు కౌన్సిలరంటే నువ్వేనయ్యా" అన్నారు. ఆయన మీసం దువ్వి, "మరేంటి, మా ఆవిడది వేలిముద్రే కదా" అన్నాడు. పక్కగదిలోంచి వస్తున్న ఆమె చెవిన ఆ మాట పడింది. ఆమె ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. ఇరవై ఆరు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం వడ్డించి పెట్టేది, అంతే. ఆయన గడప మీద కూర్చుని ఎదురుచూసేవాడు. ఏదైనా చెబుతుందని. క్రిస్మస్ నాడు మళ్ళీ కలిశారు. జనవరి ఒకటిన బండి వెళ్ళిపోతుంటే, "వచ్చే నెల అడుగుదాంలే" అన్నాడు తల దించుకుని. చైర్మనే పంతం పట్టి తీసేయించాడనుకుంది. ఆయనేమీ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ వచ్చే నెల మీటింగుకు ఆయన లేడు.

"నేను చెప్పకపోతే ఆయనకి మాటే లేదమ్మా" అంది. తను పలకని ఆ ఇరవై ఆరు రోజుల్లో పేటకు బండి పోయింది, ఆ తర్వాత మనిషి పోయాడు. ఈ ముక్క పైకి అనలేకపోయింది.

షాహీనా ఆమె చెయ్యి పట్టుకుంది. "చూడండి, అమ్మా. చివరి మాటకు మిషను ఎక్కువ బరువిస్తుంది. ఇది మీది కాదంటే చెత్తలో పోతుంది. మిగతా ముప్పై ఐదు చాలు, శుక్రవారం బండి దానంతటదే వచ్చేస్తుంది. మీరు నోరు విప్పక్కర్లేదు. మీదేనంటే, మీరే వద్దన్నట్టు. బండి రాదు."

"మరి ఆ మాట ఎవరిదవుద్ది?"

షాహీనా ఆమె చెయ్యి వదిలి మీట వైపు తిరిగింది. "జనవరి ప్రమాదం మీద పెద్దలు విచారణ రిపోర్టు రాస్తున్నారు. సభ్యుడు కాని పౌలయ్య అనే వ్యక్తి అభ్యంతరం లేదని చెప్పడం వల్లే బండి పోయిందని..."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే. ఆ ఆకులు చచ్చినవాడి చేతిలో పెట్టడం మాత్రం ఏటిమొగలూరు పెద్దలకే చెల్లింది. మార్తమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నేను లేచి మాట్లాడితే? నా సొంత నోటితో?"

"అప్పుడదే చివరి మాటవుతుందండీ. కానీ మీరెప్పుడూ..."

"మాట్లాడలేదు. తెలుసు." ఆమె యంత్రం వైపు చూసి ఒక్కొక్క అక్షరం వినపడేలా చెప్పింది. "ఇది కూడా నా మాటే. నొక్కమ్మా."

శుక్రవారం పదకొండింటికి సభ మొదలైంది. పేట జనం వరండా నిండా నిలబడ్డారు. పంచిపెట్టిన ప్రణాళికలో పంతొమ్మిదో వార్డు దగ్గర 'బండి లేదు' అనే ఉంది. మార్తమ్మ వేలిముద్ర వేసి, పక్కగది గుమ్మం దాటి, సరాసరి సభలోకి వచ్చింది. ఆమె కుర్చీలో అప్పటికే జకరయ్య ఇస్త్రీచొక్కా వేసుకుని కూర్చున్నాడు.

"మా వదినగారి తరఫున..." అంటూ లేవబోయాడు.

"లెగు జకరయ్యా. అది నా కుర్చీ."

జకరయ్య లేచాడు గానీ ఎటు పోవాలో తెలియలేదు. చైర్మన్‌గారు కళ్ళజోడు సర్దుకుని, "ఏమ్మా, ఏమన్నా కావాలా? చెప్పి పంపితే చూసేవాళ్ళం కదా" అన్నారు దయగా.

మార్తమ్మ తన కుర్చీ ముందు నిలబడింది. ముందున్న మైకు చూస్తే భయం వేసింది. పౌలయ్య ఏ ధైర్యంతో అన్నిసార్లు దీని ముందు అరిచాడో అనుకుంది.

"నేను మార్తమ్మనండీ, పంతొమ్మిదో వార్డు" అంది. "మా పేటలో నూట నలభై ఇళ్ళు. గోనె అంటుకుంటే ముందు మంట రాదండీ. లోపల్లోపలే కాలుద్ది. స్తంభాల మీద ముక్కులకి వాసన తగిలేసరికి ఇల్లు సగం అయిపోద్ది. రెండు నిమిషాల్లో నీళ్ళు పడితే ఆరుద్ది. ఇరవై రెండు నిమిషాలైతే మనిషి మిగలడు. నేను చూశాను."

మార్తమ్మ మైకుకు ఇంకాస్త దగ్గరగా వంగింది.

"డిసెంబరు మీటింగులో అభ్యంతరం లేదన్నది మా ఆయన కాదండీ. నేను. ఆ నెల ఆయన మీద అలిగి మాట్లాడలేదు. ఇక్కడ ఆయన అన్న మాటలన్నీ ఇంట్లో నేను చెప్పినయ్యే. నేను నోరు మూసుకుంటే ఆయన నోరూ మూతపడింది. మీరందరూ నవ్వారు. నేను పక్కగదిలో కూర్చుని ఆ నవ్వు విన్నాను. దేనికో తెలీదు." ఆమె చైర్మన్ వైపు తిరిగింది. "ఆ తప్పు నా పేరునే రాయండి. ఆయన పేరున రాయొద్దు. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మా బండి మాకు కావాలి. ఇది నా అభ్యంతరం."

కూర్చోవడం కూడా మర్చిపోయి అలాగే నిలబడింది. చైర్మన్‌గారు "చదివినట్టుగా..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేశారు. పక్కగది గుమ్మంలో పదిమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఇరవై మూడో వార్డు సభ్యురాలు లోపలికి వచ్చి, తన కుర్చీలో ఉన్న భర్త భుజం తట్టి, "జరగండి" అంది. ఆయన జరిగాడు.

లెక్క మళ్ళీ కట్టడానికి యంత్రానికి ఏడు నిమిషాలు పట్టింది. షాహీనా కొత్త కాగితం తెచ్చి చైర్మన్ ముందు పెట్టింది. ఆయన చరిత్రలో మొదటిసారి పైనుంచి కిందిదాకా చదివారు. మార్కెట్టు సెంటర్లో రెండు బండ్ల స్థానంలో ఒకటి. రెండోది గోనెల పేటకు. చేతులెత్తినవాళ్ళను లెక్కపెట్టారు. వద్దన్నవాళ్ళు లేరు.

పేట జనం మార్తమ్మను ఊరేగింపులా ఇంటిదాకా తీసుకొచ్చారు. అందరూ వెళ్ళాక ఇల్లు చప్పబడిపోయింది. ఎట్టా నిలబడింది, గొంతు ఎట్టా వణికింది, చైర్మన్ ముఖం ఎట్టా మాడిపోయింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలని ఉంది. ఎవరికి చెప్పాలి? పేటంతా చూసొచ్చింది. వినాల్సినవాడే వినలేదు. తనొక్కదానికి అన్నం వండుకోబుద్ధి కాలేదు. చీకటి పడకముందే తలుపు వేసుకుంది.

సోమవారం పొద్దున్నే ఎర్రబండి గంట కొట్టుకుంటూ పేట షెడ్డులోకి వచ్చింది. ఆడవాళ్ళు దిష్టి తీశారు. ఎవరో డ్రైవరు కోటేశు మెడలో దండ వేశారు. బండి అప్పగించినట్టు వార్డు సభ్యురాలు సంతకం పెట్టాలని అతను కాగితం తెచ్చాడు. వేలిముద్ర కోసం సిరాడబ్బా కూడా తెచ్చాడు. మార్తమ్మ పెన్ను అడిగి తీసుకుని, పేరు పూర్తిగా రాసింది.

కోటేశు జనవరి తొమ్మిదిన కూడా ఇదే బండి నడిపినవాడు. కాగితం మడుస్తూ, ఏదో ఒక మంచిమాట అనాలి కదా అని, "పౌలయ్యగారుంటే ఎంత సంబరపడేవారో అమ్మా" అన్నాడు.

మార్తమ్మ బండి వంక చూసింది. అప్పుడే కడిగినట్టు నీళ్ళు కారుతున్నాయి.

"బండి ఉంటే ఆయనుండేవాడయ్యా" అంది.